డల్లాస్ నుంచి కొలరాడోకి మౌంటెన్ బైక్ ట్రిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఈ సమ్మర్‌లో మేమూ కొలరాడో వెళ్దామనుకుంటున్నాం, సైకిళ్లు తీసుకెళ్లమంటావా?" అని. అడిగేవాళ్లు మారతారు గానీ సందేహాలు మారవు. ఎనిమిది వేసవులుగా కొలరాడో కొండల్లోని సలైడా, క్రెస్టెడ్ బ్యూట్ ఊళ్ల వైపు వెళ్లొస్తున్నాను కాబట్టి, అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి నాకు తెలిసినంత రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## వెళ్దామా వద్దా అనుకునేటప్పుడు

మౌంటెన్ బైక్ ట్రిప్ అంటే మోటార్ సైకిళ్ల మీద వెళ్లడమా?

కాదు, తొక్కే సైకిలే. మన ఊళ్లలో బైక్ అంటే మోటార్ సైకిల్ కాబట్టి ఇంటికి ఫోన్ చేసి చెప్పినప్పుడు పెద్దవాళ్లు కంగారు పడతారు. కారు వెనక సైకిళ్లు కట్టుకుని సుమారు 770 మైళ్లు వెళ్తాం. అక్కడ కొండల్లో మట్టి కాలిబాటల (ట్రైళ్ల) మీద తొక్కుతాం. చాలాచోట్ల ఆ బాట ఒక సైకిల్ పట్టేంత వెడల్పే ఉంటుంది.

ఏ నెలలో వెళ్తే మంచిది?

జులై రెండో వారం నుంచి సెప్టెంబర్ నెలాఖరు దాకా. జూన్‌లో సెలవులు దొరికాయని వెళ్తే పదివేల అడుగుల పైన ఇంకా మంచు ఉంటుంది, పెద్ద ట్రైళ్లు తెరుచుకోవు. పూలు చూడాలంటే జులై మధ్యలో వెళ్లండి. వానలు తక్కువగా, ఆకాశం తేటగా ఉండాలంటే సెప్టెంబర్. ఆ నెలాఖరుకి ఆస్పెన్ చెట్లు పసుపుముద్దలవుతాయి. పిల్లల బడి అడ్డం లేనివాళ్లకి నేను సెప్టెంబరే చెబుతాను.

అందరూ మోయాబ్ అంటారు కదా, అక్కడికే వెళ్తే పోలా?

వేసవిలో వద్దు. యూటాలోని మోయాబ్ గొప్ప చోటే. స్లిక్‌రాక్ ట్రైల్‌లో పదిన్నర మైళ్లు రాతి మీదే తొక్కడం మరెక్కడా దొరకని అనుభవం. కానీ జులైలో అక్కడ పగలు వంద డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు, రాతి మీద నీడ ఉండదు. కొలరాడోలోనే ఉన్న ఫ్రూటా కూడా ఎడారి నేలే. ఈ రెండింటినీ ఏప్రిల్‌కో అక్టోబర్‌కో దాచుకోండి. డల్లాస్‌కి ఇంకా దగ్గర కావాలంటే అర్కన్సాలో బెంటన్‌విల్ ఉంది, ట్రైళ్లు చక్కగా కట్టారు. అయితే జులైలో అక్కడ కూడా మన ఉక్కపోతే. వేసవిలో చల్లగా తొక్కాలంటే ఎత్తుకి వెళ్లక తప్పదు.

సలైడాయా, క్రెస్టెడ్ బ్యూటా? ఒక్కటే ఎంచుకోవాలంటే?

మొదటిసారైతే సలైడా. ఊరు ఏడువేల అడుగుల ఎత్తులోనే ఉంది కాబట్టి ఒంటికి అలవాటుపడటం తేలిక. ఊరి మధ్య నుంచి అర్కన్సా నది పారుతుంది, నది దాటగానే అర్కన్సా హిల్స్ ట్రైళ్లు మొదలవుతాయి. క్రెస్టెడ్ బ్యూట్ దాదాపు 8,900 అడుగుల మీద ఉంటుంది. మొదటి రాత్రి నిద్ర పట్టదు, బస ఖరీదు. కానీ అందంలో దానికి సాటి లేదు. మౌంటెన్ బైకింగ్ చరిత్రలో కూడా ఆ ఊరికి చోటుంది. 1976లో అక్కడి కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లమీద 12,700 అడుగుల పెర్ల్ పాస్ అనే కనుమ దాటి ఆస్పెన్ అనే ఊరికి వెళ్లారు. రెండు ఊళ్ల మధ్య రెండు గంటల ప్రయాణమే. వారం రోజులుంటే సలైడాలో మొదలుపెట్టి బ్యూట్‌లో ముగించండి.

నాకు పార్కులో సిమెంటు దారి మీద తొక్కడమే అలవాటు. నావల్ల అవుతుందా?

రెండు నెలలు ముందు మొదలుపెడితే అవుతుంది. డల్లాస్‌లోనే మంచి ట్రైళ్లున్నాయి: గ్రేప్‌వైన్ చెరువు పక్కన నార్త్‌షోర్, మెకినీలో ఎర్విన్ పార్క్, ప్లేనోలో ఆర్బర్ హిల్స్, గార్లండ్‌లో రౌలెట్ క్రీక్. వీటిలో చాలావాటిని డోర్బా అనే సంఘం వాలంటీర్లు చూసుకుంటారు. ట్రైల్ తెరిచి ఉందో లేదో వాళ్ల సైట్‌లో చూసి బయల్దేరండి. వాన పడ్డాక ఇక్కడి నల్లమట్టి మీద తొక్కితే బాట పాడవుతుంది, సైకిలూ కదలదు. వారానికి మూడుసార్లు, అందులో ఒకసారి ఆపకుండా రెండు గంటలు తొక్కగలిగితే కొలరాడోలో తేలిక ట్రైళ్లకి సరిపోతారు. ఆకుపచ్చ వృత్తం గుర్తు ఉంటే తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నలుపు వజ్రం కష్టం. ఒక్కటి గుర్తుంచుకోండి. అక్కడి నీలం ఇక్కడి నీలం కన్నా గట్టిది, ఎందుకంటే ఎక్కుడు పొడవు, గాలి పలచన.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

తొమ్మిది. రెండు వారాంతాలు, మధ్యలో ఐదు రోజుల లీవు. రానూపోనూ నాలుగు రోజులు పోగా ఐదు మిగులుతాయి. అందులో ఒకటి విశ్రాంతికి వదిలేయండి.

## బయల్దేరే ముందు

సొంత సైకిల్ తీసుకెళ్లాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా?

మీ సైకిల్‌కి ముందూ వెనకా డిస్క్ బ్రేకులు, ముందు మంచి సస్పెన్షన్ ఉంటే తీసుకెళ్లండి. ఐదు రోజుల అద్దె కన్నా కారుకి సైకిళ్లు కట్టే ర్యాక్ కొనుక్కోవడమే మేలు. సూపర్ మార్కెట్‌లో కొన్న సైకిల్ అయితే మాత్రం వద్దు. పొడుగాటి దిగుడులో దాని బ్రేకులు పట్టవు. అలాంటప్పుడు రెండు రోజులే అద్దెకి తీసుకోండి, కానీ రెండు వైపులా సస్పెన్షన్ ఉన్నది తీసుకోండి. సీటుని బటన్‌తో కిందికి దించే సదుపాయం ఉందా అని తప్పక అడగండి. జులైలో ముందే బుక్ చేయకపోతే మీ ఎత్తుకి సరిపోయే సైజు దొరకదు.

ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ ఉంది, తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు గానీ ప్రతి ట్రైల్ మీదా తొక్కనివ్వరు. ఫారెస్ట్ సర్వీస్ భూముల్లో ఈ-బైక్‌ని మోటారు వాహనంగానే లెక్కేస్తారు. మోటార్లకి అనుమతి లేని కాలిబాట మీద అది కూడా నిషేధమే. క్రెస్టెడ్ బ్యూట్ చుట్టూ ఎక్కువ భాగం ఇదే పరిస్థితి. ఏ ట్రైల్‌కి ఏ నిబంధనో వెళ్లే ముందు ఆ ప్రాంతపు రేంజర్ ఆఫీసులో అడగండి. ఈ-బైక్ 50 పౌండ్ల దాకా తూగుతుంది కాబట్టి మీ ర్యాక్ ఆ బరువు మోస్తుందో లేదో కూడా చూసుకోవాలి.

కారుకి ఏ ర్యాక్ కొనాలి?

కారు కింద హిచ్ (ర్యాక్‌ని దోపే ఇనుప గొట్టం) బిగించుకుని, సైకిల్ టైర్లు కూర్చునే పళ్లెం రకం ర్యాక్ కొనండి. డిక్కీకి పట్టీలతో కట్టే రకం 770 మైళ్లకి పనికిరాదు. కారు మీద పెట్టే రకం అయితే గాలికి పెట్రోలు తాగుతుంది. పైగా పైన సైకిళ్లున్న సంగతి మర్చిపోయి గ్యారేజీలోకి తోలినవాళ్లు ఉన్నారు. హిచ్ రంధ్రం రెండంగుళాలదైతే నాలుగు సైకిళ్లు మోయొచ్చు. అంగుళంపావుదైతే రెండుతో ఆపండి.

మొదటి ఏడాది మాకు జరిగింది చెబుతాను. హిచ్ బిగించిన చోట ఒక బోల్టు సరిగా బిగించలేదు. చిల్డ్రెస్ దాటాక వెనక ఏదో టకటకమంటోందని మా అబ్బాయి అన్నాడు. ఆపి చూస్తే బోల్టు మూడు చుట్లు వదులై ఉంది, ర్యాక్ మొత్తం అరచెయ్యి మందం ఊగుతోంది. ఇంకో యాభై మైళ్లు పోయుంటే సైకిళ్లు వెనక వచ్చేవాళ్ల మీద పడేవి. అప్పట్నుంచి మొదటి యాభై మైళ్లకి ఒకసారి, ఆ తర్వాత పెట్రోలుకి ఆగిన ప్రతిసారీ చేత్తో ఊపి చూస్తాను. సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా టైరు రాకుండా చూడండి, ఆ వేడికి రబ్బరు కరుగుతుంది.

సైకిల్‌కి ముందుగా ఏం చేయించాలి?

బ్రేక్ ప్యాడ్లు మార్పించండి. సగం అరిగినవి డల్లాస్‌లో ఏడాది వస్తాయి, కొలరాడోలో ఒక్క వానరోజుకే అయిపోవచ్చు. ట్యూబ్‌లెస్ టైర్లైతే లోపల రంధ్రాలు పూడ్చే సీలెంట్ ద్రవం ఎండిపోయిందేమో చూసి కొత్తది పోయించండి. సర్వీసింగ్ బయల్దేరే ముందురోజు కాదు, రెండు వారాల ముందు చేయించి కనీసం రెండుసార్లు తొక్కి చూడండి.

వెంట ఏమేం ఉండాలి?

డీరైలర్ హ్యాంగర్ ఒకటి అదనంగా. గేర్ల దగ్గర ఉండే చిన్న అల్యూమినియం ముక్క అది. రాయికి తగిలితే వంగిపోతుంది, ఒక్కో సైకిల్‌కి ఒక్కో రకం కాబట్టి కొండ ఊళ్లో దొరక్కపోవచ్చు. ట్యూబు, చిన్న పంపు, చైన్ లింకు, మల్టీటూల్ ఎలాగూ ఉంటాయి. మూడు లీటర్ల నీళ్లు పట్టే సంచీ. జులైలోనైనా సరే వాన కోటు, చేతి తొడుగులు. మోకాలి ప్యాడ్లు. సన్‌స్క్రీన్ మనకి అలవాటు తక్కువ, కానీ ఆ ఎత్తులో మన చర్మం కూడా మాడుతుంది.

## దారిలో

ఒక్క రోజులో చేరిపోవచ్చా?

ఇద్దరు డ్రైవర్లుంటే చేరొచ్చు, పన్నెండు పదమూడు గంటలు డ్రైవింగే. కానీ చేరిన మర్నాడు తొక్కే ఓపిక ఉండదు. 287 నంబరు హైవే మీద విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో వెళ్లి రాత్రి అక్కడ పడుకోండి. మర్నాడు డాల్‌హార్ట్, క్లేటన్, రేటన్ పాస్, ప్వెబ్లో, అక్కడ్నుంచి 50 నంబరు హైవే మీద పడమరకి. అమరిల్లో 3,600 అడుగుల ఎత్తులో ఉంది, ఆ ఒక్క రాత్రి కూడా ఒంటికి సాయమే. దారిలో ఊరు వచ్చినప్పుడల్లా వేగం 75 నుంచి 35కి దిగుతుంది, బోర్డు చూసుకోండి. న్యూ మెక్సికోలో అడుగుపెట్టగానే గంట కలిసొస్తుంది.

మధ్యలో ఎక్కడైనా సైకిళ్లు దించొచ్చా?

అమరిల్లోకి దక్షిణాన పాలో డ్యూరో కేన్యన్ ఉంది. లైట్‌హౌస్ ట్రైల్ మీద సైకిళ్లకి అనుమతి ఉంది. పొద్దున్నే గేటు తెరవగానే వెళ్లి పదిలోపు బయటపడగలిగితేనే వెళ్లండి. వేసవిలో ఆ లోయ అడుగున వేడి ప్రాణాల మీదికి తెస్తుంది.

కొలరాడో బంకుల్లో రెగ్యులర్ అంటే 85 అని ఉంది. కొట్టించొచ్చా?

అది పెట్రోలు ఆక్టేన్ అంకె. మీ కారు మాన్యువల్‌లో కనీసం 87 అని ఉంటే 87 కొట్టించండి. పక్క గొట్టమే.

## కొండ మీద

పైకి వెళ్లాక తలనొప్పి, వికారం వస్తాయంటారు. ఏం చేయాలి?

మొదటి రోజు తొక్కొద్దు. డల్లాస్ నాలుగు వందల అడుగుల మీద ఉంది. సలైడాకి పడమర ఉన్న మోనార్క్ పాస్ 11,312 అడుగులు. అక్కడ గాలి ఒత్తిడి మనకి ఇక్కడ ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. మొదటి రోజు ఊళ్లో నడవండి, రెండో రోజు గంటన్నర తేలిక ట్రైల్, మూడో రోజు కాస్త ఎత్తు. నీళ్లు మామూలు కన్నా ఎక్కువ తాగండి, మద్యం మానేయండి. కొంచెం తలనొప్పి చాలామందికి వస్తుంది, ఒక రోజులో తగ్గుతుంది. వాంతులవుతున్నా, నడకలో తూలుతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దిగి ఆసుపత్రికి వెళ్లాలి. "రాత్రి పడుకుంటే పోతుందిలే" అనుకోవద్దు. సలైడాలోనూ, క్రెస్టెడ్ బ్యూట్ దగ్గరి గన్నిసన్‌లోనూ ఆసుపత్రులున్నాయి.

టైర్లలో గాలి ఇంట్లో పెట్టిన లెక్కే ఉంచొచ్చా?

ఉంచకండి, ట్రైల్ మొదట్లో మళ్లీ కొలవండి. రేటన్ దాటేసరికి వెనక సీట్లో మురుకుల ప్యాకెట్ బంతిలా ఉబ్బిపోయి ఉంటుంది. టైర్లోనూ అదే జరుగుతుంది. డల్లాస్ నుంచి మోనార్క్ పాస్‌కి ఎత్తు వల్లే దాదాపు 5 పీఎస్ఐ పెరుగుతుంది, చలికి కొంత తగ్గుతుంది. 22 దగ్గర తొక్కేవాళ్లకి రెండు మూడు తేడా అంటే రాళ్ల మీద టైరు పట్టు మారిపోయినట్టే. గాలి సస్పెన్షన్‌నీ ఒకసారి సరిచూసుకోండి.

తెల్లారకుండా లేవాలంటారు ఎందుకు? సెలవుల్లో కూడా?

పిడుగుల వల్ల. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే గుర్తుపెట్టుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి. జులై మధ్య నుంచి ఆగస్టు చివరిదాకా పొద్దున ఆకాశం నీలంగా మెరుస్తుంది, పన్నెండింటికి కొండల వెనక దూది మూటల్లా మబ్బులు లేస్తాయి, ఒంటిగంటకి కమ్ముకుంటాయి. చెట్లు మొలవని ఎత్తులో, ఆ గట్టు మీద, అన్నిటికన్నా ఎత్తైన వస్తువు మీరే.

ఒకసారి పంక్చర్ వల్ల గంటన్నర ఆలస్యంగా మోనార్క్ మీద మొదలుపెట్టాం. పన్నెండున్నరకి ఇంకా గట్టు మీదే ఉన్నాం. పడమర వైపు కొండ మసకబారింది. మొదట గాలి చల్లబడింది, తర్వాత శనగగింజలంత వడగళ్లు హెల్మెట్ మీద టపటపా పడ్డాయి. నా ముందున్న స్నేహితుడు చెయ్యి ఎత్తి చూపించాడు. ముంజేతి మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని నిలబడి ఉన్నాయి. బాట వదిలి సైకిళ్లు భుజాన వేసుకుని కిందికి, చెట్ల వరుసలోకి పరుగెత్తాం. రెండు నిమిషాల్లో మేం నిలబడిన వైపు పిడుగు పడింది. మెరుపూ చప్పుడూ ఒకేసారి వచ్చాయి.

అందుకే ఆరింటికల్లా తొక్కడం మొదలుపెట్టి పన్నెండుకి చెట్ల మధ్యకి దిగిపోవాలి. మబ్బు ముదురుతుంటే ఎంత దూరం వచ్చినా వెనక్కి తిరగండి. చిక్కుకుపోతే గట్టు దిగండి, ఒంటరి చెట్టు కిందికి వెళ్లొద్దు, ఒకరికొకరు దూరంగా ఉండండి.

మోనార్క్ క్రెస్ట్ తొక్కాలని ఉంది. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ట్రిప్ చివర్లో పెట్టుకోండి. పాంచా స్ప్రింగ్స్ నుంచి షటిల్ వ్యాన్లు మిమ్మల్నీ సైకిళ్లనీ మోనార్క్ పాస్ మీద దింపుతాయి. మొదటి ట్రిప్పుకే సీటు బుక్ చేసుకోండి. అక్కడ్నుంచి ఖండాన్ని రెండుగా చీల్చే గట్టు వెంబడి మార్షల్ పాస్ దాకా వెళ్తారు. ఆ గట్టుకి ఒకవైపు పడిన చినుకు అట్లాంటిక్ వైపు, రెండోవైపు పడింది పసిఫిక్ వైపు పోతుంది. తర్వాత సిల్వర్ క్రీక్, రెయిన్‌బో ట్రైళ్ల మీదుగా మొత్తం సుమారు 35 మైళ్లు, అలవాటున్నవాళ్లకి ఐదారు గంటలు. దిగుడే కదా అనుకుని వచ్చినవాళ్లు మధ్యలో వచ్చే ఎక్కుళ్లకి నీరసపడతారు. మార్షల్ పాస్ దగ్గర ఓపిక అయిపోయిందనిపిస్తే సిగ్గుపడక్కర్లేదు. పాత రైలు కట్ట మీద వేసిన మట్టి రోడ్డు ఉంది, దాని మీద వాలుగా 285 రోడ్డు దాకా దిగిపోవచ్చు.

పూల మధ్య తొక్కే ట్రైల్ ఫొటోలు చూశాను. అది ఎక్కడ?

క్రెస్టెడ్ బ్యూట్‌లో 401 నంబరు ట్రైల్. గాథిక్ అనే పాత గనుల ఊరు దాటి మట్టి రోడ్డు మీద స్కోఫీల్డ్ పాస్ దాకా ఎక్కాలి, ఆ పైన ఇంకొంత నిలువుగా. 11,000 అడుగులు దాటాక బాట ఒక్కసారిగా లోయలోకి తెరుచుకుంటుంది. జులై మధ్యలో మొక్కలు హ్యాండిల్ పైదాకా పెరిగి ఉంటాయి. ఊదా రంగు లుపిన్లు, ఎర్రటి పెయింట్‌బ్రష్ పూలు మోచేతులకి తగులుతుంటే ముందు చక్రం కనిపించదు, చక్రాల చప్పుడు కూడా మెత్తబడిపోతుంది. వేగంగా దిగాలనిపించే చోటే గానీ మలుపు అవతల మనుషులుంటారు, నెమ్మదిగా వెళ్లండి. ఫొటో కోసం పూలల్లోకి దిగొద్దు. అక్కడి వేసవి చాలా చిన్నది, తొక్కిన మొక్క ఆ ఏడాదికి మళ్లీ లేవదు.

దిగుడు చూస్తే భయమేస్తుంది. చిట్కా ఏమైనా ఉందా?

సీటు దించండి. పెడళ్లు రెండూ నేలకి సమానంగా పెట్టి లేచి నిలబడండి, బరువు చేతుల మీద కాకుండా పాదాల మీద ఉండాలి. రెండు బ్రేకులూ ఒక్కో వేలితో, మలుపు రాకముందే వేయండి. మలుపులో గట్టిగా పట్టొద్దు. చూపు రాయి మీద కాకుండా రాయి పక్కనున్న దారి మీద ఉంచండి. అప్పటికీ కుదరకపోతే దిగి నడిపించండి. నేను ఇప్పటికీ కొన్ని చోట్ల నడిపిస్తాను.

ఎదురుగా మనుషులు, గుర్రాలు వస్తే ఎవరు ఆగాలి?

మనమే. నడిచేవాళ్లకీ గుర్రాలకీ సైకిల్ దారి ఇవ్వాలి, దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి ఇవ్వాలి. గుర్రం వస్తే సైకిల్ దిగి, పల్లం వైపు నిలబడి, పైకి వినపడేలా పలకరించండి. మనిషి గొంతు వింటే అది బెదరదు. దారిలో ఆవుల మందలూ, కంచె గేట్లూ వస్తాయి. మూసి ఉన్న గేటు దాటాక మళ్లీ మూసేయండి. విల్డర్‌నెస్ అని బోర్డున్న అడవిలోకి సైకిల్‌ని చేత్తో నడిపిస్తూ కూడా వెళ్లకూడదు.

సిగ్నల్ ఉండదంటారు. తప్పిపోతే?

ట్రైల్‌ఫోర్క్స్ యాప్‌లో గానీ, కొలరాడో ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చే కోట్రెక్స్ యాప్‌లో గానీ మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బసలో ఉన్నవాళ్లకి ఏ ట్రైలో, ఎన్నింటికల్లా వస్తారో కాగితం మీద రాసిచ్చి వెళ్లండి. కొత్త ఐఫోన్లలో ఉపగ్రహం ద్వారా సాయం అడిగే ఏర్పాటుంది, దాన్ని ఇంట్లోనే ఒకసారి డెమో చేసి చూసుకోండి. ఒంటరిగా వెళ్లొద్దు.

## బస, తిండి, కుటుంబం

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు. వాళ్లనీ తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, సంతోషిస్తారు. కానీ గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య, బీపీ ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి. బస సలైడాలో పెట్టండి, 8,900 అడుగుల మీద రాత్రుళ్లు వాళ్లకి కష్టం. మీరు పొద్దున్నే తొక్కేసి వస్తే మధ్యాహ్నాలు వాళ్లవి. 1929లో కట్టిన రాయల్ గార్జ్ వంతెన గంట దూరం, నది పైన 955 అడుగుల ఎత్తు. గన్నిసన్ అవతల బ్లాక్ కేన్యన్ అనే లోతైన లోయ దగ్గర కొన్ని వ్యూపాయింట్లు రోడ్డుకి నాలుగడుగుల్లోనే ఉంటాయి. విజిటర్ ఇన్సూరెన్స్ పత్రంలో పాత జబ్బులకి ఏం వర్తిస్తుందో బయల్దేరే ముందే చదవండి.

అక్కడ అన్నం ఉడకలేదు, పప్పు అసలు మెత్తబడలేదు. ఎందుకు?

తొమ్మిదివేల అడుగుల దగ్గర నీళ్లు సుమారు 91 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. కందిపప్పు గంటసేపు మరిగినా పలుకుగానే ఉంటుంది. కుక్కర్ తీసుకెళ్లండి, మామూలు విజిల్స్ కన్నా రెండు ఎక్కువ రానివ్వండి. మేం మొదటి రోజుకి పులిహోర, చపాతీలు, కందిపొడి పట్టుకెళ్తాం. ట్రైల్ మీద నువ్వులుండలు, ఖర్జూరాలు, ఉప్పు వేసిన వేరుశనగలు. పులిహోరని చిన్న ఉండలుగా రేకులో చుట్టి జేబులో వేసుకుంటే నలభై మైళ్లకీ సరిపోతుంది.

టెంట్ వేసుకుందామనుకుంటున్నాం. ఎలుగుబంట్లు వస్తాయా?

వస్తాయి, తిండి వాసనకి. టెంట్‌లో తినే వస్తువేదీ పెట్టొద్దు, టూత్‌పేస్ట్ కూడా. ఎలుగుబంటి తెరవలేని ఇనుప పెట్టె క్యాంప్‌లో ఉంటే అందులో పెట్టండి. కార్లో ఆవకాయ సీసా మూత వదులుగా పెట్టి పడుకుంటే తలుపు చీల్చిన సంగతులున్నాయి, మూతలు బిగించి కనబడకుండా దాచండి. క్రెస్టెడ్ బ్యూట్ చుట్టూ నంబర్లు వేసిన చోట్లే టెంట్ వేయాలి, వేసవి శుక్రవారాలు మధ్యాహ్నానికే నిండిపోతాయి. నిప్పుల నిషేధం ఉందేమో ఆ వారం తప్పక చూడండి. నిషేధం ఉంటే చలిమంట వేయకూడదు.

పిల్లలు తొక్కగలరా?

ఏడెనిమిదేళ్లు దాటి, గేర్లు వాడటం వచ్చినవాళ్లు తొక్కగలరు. క్రెస్టెడ్ బ్యూట్‌లో లోయర్ లూప్ మొదటి భాగం బాగుంటుంది, పక్కన స్లేట్ నది ఉంటుంది. పిల్లలకి వేగం మీరు నిర్ణయించొద్దు, వాళ్లనే ముందు పోనివ్వండి.

## తిరిగొచ్చేటప్పుడు

బురద సైకిళ్లని అలాగే కట్టుకుని వచ్చేయొచ్చా?

రావొద్దు. అక్కడే బకెట్ నీళ్లతో కడగండి, ప్రెషర్ గొట్టం మాత్రం బేరింగుల మీద కొట్టొద్దు. ఎండిన బురదతో పాటు కలుపు గింజలు కూడా వస్తాయి. చైన్ తుడిచి నూనె వేయండి. ఇంటికి చేరాక టైర్లలో గాలి మెత్తగా అనిపిస్తుంది. పంక్చర్ కాదు, ఎత్తు దిగినందువల్ల. మళ్లీ కొట్టుకుంటే చాలు.